కోరుట్ల కెమెరా మంచీచెడూ

సబ్బుబిళ్లంత వస్తువు. తెచ్చినవాడు మాత్రం ఏనుగును తోలుకొచ్చినట్టు తెచ్చాడు.

తెచ్చింది మా వియ్యంకుడు రాజేశం, నా కోడలు రాధిక తండ్రి. కోరుట్లలో ఫోటో స్టూడియో నడిపేవాడు. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాక స్టూడియో మూతపడింది, నోరు మాత్రం మూతపడలేదు. ఆ ఏడు వినాయకుడి పందిళ్లకు గుంజలు పాతుతున్న రోజుల్లో సిరిసిల్లలో బస్సు దిగి, కాళ్లయినా కడుక్కోకుండా మా సాంచెల షెడ్డులోకి వచ్చాడు. సాంచెలంటే కరెంటు మగ్గాలు. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగున్నాయి. రెండు నేను నడిపేవాణ్ణి, రెండు నా కొడుకు హరిప్రసాద్. అవి నడుస్తుంటే పక్కవాడి మాట వినపడదు. నాకు ఆ మోత ఇష్టం. ఎవరికీ జవాబు చెప్పే పని ఉండదు.

రాజేశం ఆ మోత మీదికెక్కి అరిచాడు. "బావా! జర బందు జెయ్యి బావా! ఏం తెచ్చిన్నో సూడు!"

నేను బందు చేయలేదు. అతనే పోయి బటన్ నొక్కాడు. ఇంకొకరి సాంచాను ఆపడమంటే మాలో ఇంకొకరి కంచంలో చెయ్యి పెట్టినట్టే. స్టూడియోవాడికి అది ఎట్లా తెలుస్తుంది?

సంచిలోంచి ఆ వస్తువు తీసి మీట నొక్కాడు. అది కుయ్యిమని తాబేలు తల పెట్టినట్టు ముక్కు బయట పెట్టింది.

"డిజిటల్ కెమెరా. జేబుల పడ్తది. ఫోన్ల జూమ్ అంటే ఏంది బావా? ఉన్న బొమ్మనే గుంజి పెద్దగ జేసుడు. దీనికి అద్దమే ముంగటికొస్తది. ఫ్లాష్ సుత అసలుది. ఇంకోటి, ఫోను ప్రతోణ్ణి తెల్లగ జేస్తది. గిది ఉన్నది ఉన్నట్టు సూపెడ్తది."

"ఉన్నది నా కండ్లకు కనవడ్తనే ఉన్నది," అన్నాను. సాంచాను మళ్లీ నడిపించాను.

కెమెరా వచ్చింది రాధిక కోసం. ఎన్నాళ్లుగానో మేం సేటు ఇచ్చిన నూలు నేసి, సేటు ఇచ్చిన కూలి తీసుకునేవాళ్లం. ఆ ఏడు రాధిక పట్టుబట్టింది, మన నూలు మనమే అద్దించి, మన చీరలు మనమే నేసి, ఫోటోలు పంపి అమ్ముదామని. గుడ్డను బొమ్మలో చూసి కొనే మూర్ఖులుంటారా అని నవ్వాను. ఉన్నారు. జగిత్యాలలో విజయ అనే అంగన్‌వాడీ టీచరు, ఆమె వాడకట్టు ఆడవాళ్లు కలిసి బతుకమ్మకు అందరూ ఒకే తీరు చీర కట్టాలనుకున్నారట. కుంకుమ రంగు, పసుపు అంచు. రాధిక ఫోనుతో ఫోటో తీసి పంపి, వెనకే చీర పంపింది. చీర తిరిగొచ్చింది. ఫోటోలో ఒక రంగు, చేతిలో ఒక రంగు అని విజయ ఫోన్లోనే కడిగిపెట్టింది. ఇంకోసారి తేడా వస్తే వేరే దగ్గర చూసుకుంటామంది. ఆ ఆర్డరు పోతే మళ్లీ సేటు వాకిట్లో నిలబడాల్సిందే. అందుకని రాధిక తండ్రికి ఫోన్ చేసింది. ఆయన తన అటక మీది సామానులోంచి దీన్ని దులిపి తెచ్చాడు.

ఇంట్లో నా పని ఇంకోటి కూడా ఉండేది. మా గడప దాటే ప్రతి గుడ్డా నా చూపు దాటిపోవాలి. మా నాయిన తర్వాత అది నాకొచ్చింది. గుడ్డను విప్పి, అరచేత్తో నిమిరి, వెలుతురుకు పట్టి "పోనీ" అంటే పోతుంది. అనకపోతే పోదు. రోజు మొత్తంలో నా నోట వచ్చే మాట అదొక్కటేనని నా భార్య నర్సవ్వ అందరికీ చెబుతుంది.

వినాయక చవితి నాడు రాజేశం మమ్మల్ని పూజ ముందు వరసగా నిలబెట్టాడు. కెమెరాను గూట్లో పెట్టి, మీట నొక్కి, పంచె ఎగ్గట్టుకుని తానూ ఉరికొచ్చి నిలబడ్డాడు. ఫ్లాష్ పడితే కళ్లలో సూదులు దిగినట్టయింది. తర్వాత ఆ చిన్న తెరను అందరికీ చూపించాడు. నర్సవ్వ వంగి చూసింది.

"గీ ముసల్ది ఎవతి?"

"నువ్వే అక్కా."

"నేనా? మొకం మీద గిన్ని మడతలా? నీ కెమెరా కాలిపోను!"

"ఉన్నది ఉన్నట్టు సూపెడ్తదని ముందే జెప్పిన గదా."

"ఉన్నదంత సూపెట్టుమని నిన్ను ఎవలడిగిండ్రు?"

ఆ వస్తువు వల్ల నాకు నవ్వొచ్చింది ఆ ఒక్కసారే. నేనూ చూశాను. అందరి కళ్లూ ఎర్రగా, నిప్పు కణికల్లా వచ్చాయి. హరి, రాధిక, రాజేశం, నర్సవ్వ, అంతా దయ్యాల మంద. దేవుడి ముందు నిలబెట్టి మనుషులను దయ్యాలుగా దించే పరికరం! నా కళ్లు మాత్రం ఎర్రబడలేదు. బూడిద రంగులో నిమ్మళంగా ఉన్నాయి.

"సూసినవా? నీ కెమెరా నా కండ్లనేం జెయ్యలేకపోయింది," అన్నాను.

రాజేశం మీట తిప్పి నా మొహాన్ని తెర నిండా పెద్దది చేసుకున్నాడు. ఒక కన్ను చూశాడు, తర్వాత ఇంకో కన్ను చూశాడు.

"బావా, కండ్ల డాక్టర్‌కు ఎప్పుడన్న సూపిచ్చుకున్నవా?"

"దేనికి?"

"స్టూడియోల పెద్దోళ్ల ఫోటోలు శాన తీసిన. ఫ్లాష్ ఏస్తే కొందరి కండ్లు గిట్లనే ఎర్రగ రాకపోతుండె. పొరలొచ్చినయని తర్వాత తెలుస్తుండె."

"స్టూడియో మూసి దవాఖాన తెరిచినవా?" అన్నాను.

హరి పకపకా నవ్వాడు. నర్సవ్వ నవ్వింది. రాజేశమూ నవ్వాడు. రాధిక నవ్వలేదు. కెమెరాను సంచిలో పెట్టి లోపలికి తీసుకుపోయింది.

తర్వాత దాని బండారం రోజుకొకటి బయటపడింది. ట్యూబులైటు కింద తీస్తే కుంకుమ రంగు చీర మొత్తం నారింజ పండు రంగులో వచ్చింది. ఎండలోకి తీసుకుపోతే తెర నల్లగా, ఏమీ కనపడదు. నడుస్తున్న సాంచాను తీస్తే పొగ వచ్చింది. ఒక పూట తీస్తే ఒక పూట చార్జింగు. పని తక్కువ, తిండి ఎక్కువ. అట్లాంటి మనుషులను చూశాను గానీ వస్తువును చూడటం అదే మొదలు. ఒకరోజు షెడ్డులోని నూలు దుమ్ము దూరి, ముక్కు సగం బయట పెట్టి బిగుసుకుపోయింది. ఆ దుమ్మును మేం పుట్టినప్పటి నుంచీ మింగుతున్నాం. దగ్గుతాం గానీ బిగుసుకుపోము. రాజేశం కోరుట్ల నుంచి బస్సెక్కి వచ్చి, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, పైన రెండు తట్టులు తట్టి, ఉఫ్ఫుమని ఊదాడు. ముక్కు లోపలికి పోయింది. దాని వైద్యం అంతే.

నారింజ రంగుకు కూడా ఆయనే మందు చెప్పాడు. ముందు ఏదైనా తెల్లటి గుడ్డ చూపించి ఒక మీట నొక్కితే, అది తెలుపును చూసి మిగతా రంగులు సరిచేసుకుంటుందట. రంగుల మధ్య బతికే ఇంట్లో తెల్లటిది ఏముంటుంది? రాధిక నా దగ్గరికి వచ్చింది.

"మామా, జర నీ పంచె గావాలె."

"నేనేం గట్టుకోవాలె?"

"కట్టుకున్నది గాదు మామా! దండెం మీదిది."

అప్పటి నుంచి ముందు నా పంచెకు దండం, తర్వాత చీరకు ఫోటో. ముసలివాడి పంచెను చూసి బుద్ధి తెచ్చుకునే యంత్రం అదొక్కటే ఉంటుంది లోకంలో. తెచ్చుకుంది మాత్రం నిజం. ఈసారి పంపిన ఫోటో, పంపిన చీర ఒక్క తీరుగా ఉన్నాయని విజయ ఫోన్ చేసింది. మిగతావి కానివ్వమంది. రాధిక మొహం విప్పారింది. నేను నా రెండు సాంచెల మీద కుంకుమ రంగు ఎక్కించాను. ఈ ఆర్డరు నా చేతి మీదుగా పోవాలని నేనే అన్నాను.

అద్దకం సంగతి ఒకటుంది. ఒక వాయిలో అద్దిన రంగు ఇంకో వాయిలో అద్దినదానికి అచ్చంగా కలవదు. అద్దేవాడు ఎంత మొనగాడైనా ఒకటి కాస్త ముదురు, ఒకటి కాస్త లేత. అందుకే నర్సవ్వ కండెలు చుట్టి రెండు గంపల్లో వేసేది. కండె అంటే సాంచాలో అటూ ఇటూ ఉరికే నాడెలో పెట్టే చిన్న నూలు చుట్ట, అయిపోగానే ఇంకోటి పెట్టుకుంటాం. ఒక చీరకు ఒకే గంప. ఇది మా వాడలో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు.

నేను గంప చూసి తీసేవాణ్ణి కాదు. కండె చూసి తీసేవాణ్ణి. ఎప్పుడూ అంతే. గంపలు గోడవారన పక్కపక్కనే ఉండేవి. ఈసారి రెండు గంపల్లోవీ ఒక్కలాగే కనపడ్డాయి. అద్దేవాడు ఇన్నాళ్లకు పని నేర్చుకున్నాడని మెచ్చుకున్నాను కూడా.

"గీసారి రెండు వాయిలు మంచిగ కలిసినయి," అన్నాను నర్సవ్వతో.

ఆమె చుట్టడం ఆపి నన్ను చూసింది. "ఏడ కలిసినయయ్యా? కొత్తది ముదురున్నది."

"నీకేం ఎరుక," అన్నాను.

వాన వెలిసిన ఒక మధ్యాహ్నం నేను "పోనీ" అన్న చీరల్లోంచి ఒకటి తీసి రాధిక మంచం మీద పరిచింది. ముందు పంచె చూపించింది. తర్వాత చీరకు ఫ్లాష్ వేసింది. తెర చూసుకుంది. మళ్లీ తీసింది. చీరను అటు తిప్పి మళ్లీ తీసింది. నేను స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాను.

"మల్ల బిగుసుకపోయిందా?" అన్నాను.

"లేదు మామా."

"మరేంది?"

రాధిక ఇంకో చీర తీసి పరిచింది. దానికీ అదే తతంగం. నేను లేచి పోయి ఆమె చేతిలోంచి కెమెరా తీసుకున్నాను. దాన్ని నేను పట్టుకోవడం అదే మొదటిసారి. ముక్కుకు ఆనించుకున్నంత దగ్గర పెట్టుకుని చూశాను. తెర దీపంలా వెలుగుతోంది. కుంకుమ రంగు మధ్యలో అడ్డంగా ఒక పట్టీ. జానెడు వెడల్పు. ముదురుగా.

మంచం మీది చీరను చూశాను. ఏమీ లేదు. అరచేత్తో నిమిరాను. ఏమీ తగల్లేదు. తెర చూశాను. ఉంది.

"కెమెరా గిట్లనే జేస్తది మామా," అంది రాధిక, చీర మడతలు సర్దుతూ. "రంగులు తప్పు సూపెట్టుడు దానికి మామూలే గదా. బేకార్‌దని నువ్వే అన్నవు."

అన్నాను. వచ్చిన రోజు నుంచీ అంటూనే ఉన్నాను. నా తిట్టునే తెచ్చి ఊతకర్రలా నా చేతికి అందిస్తోంది ఆ పిల్ల. పట్టుకుంటే సరిపోయేది. హరి నా సాంచెలు కూడా చూసుకుంటూ అవతల మోతలో ఉన్నాడు, ఏమీ వినలేదు.

ఇంకోసారి తెర చూశాను. రంగు తప్పు చూపే కెమెరా చీరంతా తప్పు చూపిస్తుంది. నారింజ చేసిన నాడు మొత్తం నారింజే చేసింది. ఈ పట్టీ ఒక పోగు దగ్గర మొదలై ఇంకో పోగు దగ్గర తెగింది, కత్తితో కోసినట్టు. ఒక కండె అయిపోయేంత మేర ఉంది, అంతకు ఎక్కువ లేదు, తక్కువ లేదు. కండె ఎంత మేర వస్తుందో కెమెరాకు తెలియదు. నాకు తెలుసు.

"కెమెరాను ఏమనకు," అన్నాను.

రాధిక వేసిన మడతను మళ్లీ విప్పింది.

"ఎన్ని చీరలకున్నది?"

"సూడాలె మామా."

"సూడు మరి."

పోయి నా సాంచెలు రెండూ ఆపాను. హరి అటు నుంచి తల తిప్పాడు. పని వేళలో నా అంతట నేను వాటిని ఆపడం వాడెప్పుడూ చూడలేదు.

"కరెంటు పోయిందా బాపూ?" అని అరిచాడు.

వాడివి నడుస్తూనే ఉన్నాయి.

తెల్లారి నేను నర్సవ్వ పక్కన కూర్చుని రాట్నం దగ్గరికి జరుపుకున్నాను. కండెలు చుట్టడం మాలో ఆడవాళ్ల పని, చేతకానివాళ్ల పని. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"ఏమయ్యో, తొవ్వ తప్పినవా?"

నేను చుట్టడం మొదలుపెట్టాను. కాసేపటికి నా చేతిలోంచి కండె లాక్కుంది.

"గింత వదులుగ సుడ్తరా? నాడెల పడి పోగంత ఆగమైతది. గట్టిగ పట్టు. ఇన్నేండ్లు నేను సుట్టిన కండెలు నేసినవు గదా, ఒక్కనాడన్న ఎట్ల సుడ్తున్ననో సూసినవా?"

చూడలేదు. నోరు మూసుకుని నేర్చుకున్నాను. ఆ పొద్దే ఆమె కొత్త గంప చెవికి తెల్ల పేలిక కట్టింది.

హరి నాలుగు సాంచెలూ తీసుకున్నాడు. నాలుగూ ఒక్కడే నడపొచ్చు. మా వాడలో అందరూ నడుపుతారు. ఇన్నాళ్లూ వాడు రెండు వదిలిపెట్టింది పని భారమై కాదని కండెలు చుడుతుంటే తట్టింది. పట్టీలు పడ్డ చీరల బదులు వాడు కొత్తవి నేశాడు. సాయంత్రం రాధిక ఒక్కో చీర పరిచి, పంచె చూపించి, ఫోటో తీసి, పెద్దది చేసి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసేది. చూశాక నా దగ్గరికి వచ్చేది.

"పోనియ్యాల్నా మామా?"

"పోనీ," అనేవాణ్ణి.

మాట నాదే. చూపు ఆ సబ్బుబిళ్లది.

బతుకమ్మ దగ్గర పడ్డాక చీరలు మూటగట్టి రాధిక, నేను జగిత్యాల పోయాం. నేనెందుకంటే వినలేదు. నువ్వుండాలె మామా అంది. విజయ ఇంటి ముందర గదిలో ఆడవాళ్లంతా చాప మీద కూర్చున్నారు. మూట విప్పగానే ఒక్కరైనా గుడ్డను ముట్టుకోలేదు. ఫోన్లు తీశారు. ఫోటోను చీర పక్కన పెట్టి చూసుకున్నారు. ఒడిలో చీర పెట్టుకుని దాని బొమ్మను నమ్మేవాళ్లను ఏమనాలి? విజయ చీరను గుమ్మం దగ్గరి వెలుతురుకు తీసుకుపోయి, ఫోటో చూసి, చీర చూసి, మళ్లీ ఫోటో చూసింది.

"గిప్పుడు బరాబరున్నది," అంది. అప్పుడు చేత్తో పట్టుకుంది. "నేత సుత మంచిగున్నది. ఎవలు నేసిండ్రు?"

"మా మామనే," అంది రాధిక. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అన్ని ఆయన చేతియే."

అందరూ నా వైపు తిరిగారు. పండు ముసలావిడ ఒకామె చీర కొంగు కళ్లకద్దుకుని, "సల్లని చెయ్యి పెద్దమనిషీ, సల్లగుండు," అంది.

కాదనవచ్చు. నోరు తెరిస్తే రెండు మాటలు. తెరవలేదు. మాట్లాడకపోవడం నాకు అలవాటే గనక ఎవరూ వింతగా చూడలేదు. రాధిక సంచిలోంచి కెమెరా తీసింది. ఆడవాళ్లు చీరలు పట్టుకుని నా చుట్టూ నిలబడ్డారు. ఫ్లాష్ పడి కళ్లలో మళ్లీ సూదులు దిగాయి. రాధిక తెర చూసుకుని కెమెరా సంచిలో పెట్టేసింది. నాకు చూపించలేదు. నేను అడగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు, దారి చుట్టే అయినా, కోరుట్లలో దిగి రాజేశం ఇంటికి పోయాం. మూసిన స్టూడియో షట్టరు ముందే కుర్చీలు వేయించాడు. చాయ్ తెచ్చి, నా పక్కన కూర్చుని అడిగాడు.

"కండ్ల సంగతి ఏం జేసినవు బావా?"

"దసరా పోనియ్యి," అన్నాను.

ఈసారి నేను దవాఖాన తెరిచినవా అని ఎకసెక్కెం చేయలేదని ఆయన గమనించాడు. గమనించి కెమెరా మీదికి పోయాడు. "గిప్పుడు కాలేజీ పోరగాండ్లు మల్ల గిసోంటి పాత కెమెరాలే దేవులాడుతున్నరు బావా. ఫోన్ల ఫోటోలు మొకం మొత్తినయట. ఒకడు అడిగిండు. మీ పని అయిపాయె గదా, అమ్మేద్దామా? ఎట్లున్నదో నువ్వే జెప్పు, మంచీచెడూ."

రాధిక చాయ్ గ్లాసు కింద పెట్టి నన్ను చూసింది.

"ఎండల కనవడది," అన్నాను. "ట్యూబులైట్ కింద పిచ్చిలేస్తది. నా పంచె జూస్తెనే గని తెలివికి రాదు. దుమ్ము పడదు. ఆకలి జాస్తి. ఉరికేదాన్ని పట్టలేదు, పొగ జేస్తది. మనుషులను దయ్యాలను జేస్తది. ఆడోళ్లకు మడతలు లెక్కవెట్టి సూపెడ్తది. దాన్ని జేసినోడు ఒక్కనాడు సుత పని జేసే ఇంట్ల బతికినోడు గాదు."

నేను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. లోపలి నుంచి రాజేశం భార్య తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"గిన్ని వంకలుంటే నాకెందుకు వాపస్ ఇయ్యకపోతిరి? తే బిడ్డా," అని రాజేశం చెయ్యి చాపాడు.

సంచి రాధిక ఒడిలో ఉంది. నేను దాని మీద అరచెయ్యి పెట్టాను.

"ఉండనియ్యి."

"ఎందుకు బావా? గిన్ని తిట్టి?"

"దానికి అబద్ధమాడుడు రాదు."

"గదే గదా నేను మొదటిసంది జెప్తున్న!" రాజేశం తొడ చరుచుకుని నవ్వాడు. గెలిచాననుకున్నాడు. అది మంచి కింద చెప్పానో చెడు కింద చెప్పానో అడగలేదు.

రాధిక సంచి మూతి ముడివేసి బస్సుకు వేళయిందంటూ లేచింది. అబద్ధమాడటానికి మా ఇంట్లో ఆమె ఉంది.